చేయగలిగింది మిగిలే ఉంటుంది

“ఇక చేయగలిగిందేమీ లేదు” అన్న మాటలో సగమే నిజం. వ్యాధి నయమయ్యే దారి మూసుకుపోయి ఉండవచ్చు. కానీ నొప్పి, ఆయాసం, వాంతులు, భయం తగ్గించదగినవే. ఆ బాధ్యతను తీసుకునేదే ఉపశమన చికిత్స, అంటే పాలియేటివ్ కేర్.

ఆధునిక హాస్పిస్‌కు పునాది వేసిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తరవాత ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త, ఆపైన వైద్యురాలు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టొఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. రోగి బాధలో శరీరంతోపాటు మనసు, కుటుంబం, విశ్వాసం కూడా కలిసి ఉంటాయన్నది ఆమె ప్రతిపాదన. మార్ఫిన్‌ను నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా వేళప్రకారం ఇవ్వాలని ఆమె బోధించారు.

ఈ చికిత్స చివరి రోజులకే పరిమితం కాదు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌ ఉన్న 151 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. మామూలు చికిత్సతోపాటు మొదటినుంచే ఉపశమన చికిత్స పొందినవారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు, తక్కినవారిది 8.9 నెలలు. హాస్పిస్ ఇందులో ఒక భాగం మాత్రమే. మెడికేర్ కింద దానికి, వ్యాధి సహజగతిలో సాగితే ఆయుష్షు ఆరు నెలలకు మించదని వైద్యులు ధ్రువీకరించాలి.

అదే మెడికేర్ మరో షరతు పెట్టింది: హాస్పిస్ సిబ్బంది రోగి సేవలో గడిపే గంటల్లో కనీసం 5 శాతానికి సమానమైన సేవ స్వచ్ఛంద కార్యకర్తలనుంచి రావాలి. కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన ఉద్యమం ఇరుగుపొరుగువారినే కార్యకర్తలుగా మలచుకుంది. ఎక్కడైనా వారి పని మందులివ్వడం కాదు. పక్కన కూర్చోవడం, వినడం, రాత్రంతా మేల్కొన్న కూతురిని రెండు గంటలు నిద్రపోనివ్వడం.

పిల్లల దగ్గరికి మలివయసులో వచ్చిన తెలుగువారికి ఈ తోడు మరీ అవసరం. నొప్పి పదికి ఎంత అని నర్సు అడిగితే, ఆ పెద్దాయన “పరవాలేదు” అంటాడు. ఆ మాట వెనక మొహమాటం ఎంతో, నొప్పి ఎంతో తెలుగు చెవికి తెలుస్తుంది. వైద్య విషయాల అనువాదం శిక్షణ పొందిన దుబాసీకే వదిలిపెట్టాలి. తాను గమనించినదాన్ని మాత్రం కార్యకర్త నర్సుకు చెప్పాలి.

“నాన్నకు జబ్బు సంగతి చెప్పకండి” అని కుటుంబం కోరవచ్చు. కార్యకర్త ఆ రహస్యాన్ని బయటపెట్టనక్కరలేదు, అబద్ధమూ ఆడనక్కరలేదు. “మీకేమనిపిస్తోంది?” అని అడిగి, మౌనంగా వినవచ్చు. చాలాసార్లు రోగికి సంగతి ముందే తెలిసి ఉంటుంది. చెప్పుకోవడానికి మనిషే కరువు.