వేసవిలో లాప్‌టాప్‌కూ వడదెబ్బ!

దుమ్ము దులిపితే వేడి తగ్గుతుంది

పల్నాడులో ఎండ మాట రాగానే రెంటచింతల గుర్తుకు వస్తుంది. వేసవిలో అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండకు మనుషులు, గొడ్లు నీడకు చేరినా, పిల్లల చదువుల కోసం కొన్న లాప్‌టాప్‌లకు మాత్రం రేకుల ఇళ్లలో, పరుపుల మీద విశ్రాంతి ఉండదు.

కాసేపటికే ఫ్యాను హోరెత్తుతుంది. పని నెమ్మదిస్తుంది. ఒక్కోసారి పరీక్ష దరఖాస్తు నింపుతుండగానే తనంతట తానే ఆగిపోతుంది. ఇక పాడైపోయిందని కంగారు పడనక్కర లేదు. లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ అనే చిప్పు వేడి 100 డిగ్రీల దరికి చేరితే, అది తన వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లారకపోతే యంత్రం ఆగిపోతుంది. ఇది కాలిపోకుండా చేసిన ఏర్పాటే.

ట్రాక్టరు లాంటిదే

చిప్పు వేడిని రాగి గొట్టం ఒకటి సన్నని రేకుల జాలీకి చేరుస్తుంది. ఫ్యాను దానిని బయటికి ఊదుతుంది. నూర్పిళ్లలో రేడియేటరుకు పొట్టు పట్టి ట్రాక్టరు ఇంజను కాగినట్లే, ఈ జాలీలో దుమ్ము పేరుకుంటే లాప్‌టాప్ కాగుతుంది. పరుపు మీద పెడితే అడుగున గాలి పీల్చే కంతలు మూసుకుపోతాయి.

ఏం చేయాలి?

లాప్‌టాప్‌ను గట్టి బల్ల మీదనో, పీట మీదనో ఉంచాలి. వెనుక రెండు మూలల కింద చెక్కముక్కలు పెడితే గాలి ఆడుతుంది. 35 డిగ్రీలు మించిన చోట వాడవద్దని చాలా కంపెనీలు చెబుతున్నాయి. కనుక వేసవిలో పెద్ద పనులు తెల్లవారుజామున, రాత్రిపూట చేసుకోవడం మేలు.

ఏడాదికోసారి తెలిసిన మెకానిక్‌తో విప్పించి దుమ్ము తీయించాలి. చిప్పుపై రాసిన పేస్టు ఎండిపోతే మార్పించాలి. పంక్చరు షాపు కంప్రెసరు గాలి కొట్టించరాదు. అందులో తేమ, నూనె ఉంటాయి. తడిగుడ్డ కప్పడం, ఐసు పెట్టడం అసలే కూడదు.

బ్యాటరీ ఉబ్బితే ప్రమాదం

వేడికి బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది. కీబోర్డు పైకి లేచినా, అడుగు పలక ఉబ్బినా వెంటనే చార్జింగు, వాడకం ఆపాలి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చినా, నొక్కినా నిప్పు అంటుకోవచ్చు. దానిని మెకానిక్‌తోనే తీయించాలి. పరుపు మీద చార్జింగు పెట్టి నిద్రపోవడం ఎవరికీ క్షేమం కాదు.

నూర్పిడి కాగానే రేడియేటరు జాలీ దులిపే రైతుకు ఈ జాగ్రత్త కొత్తేమీ కాదు.