కొబ్బరి దింపు.. ప్రాణాలతో పందెం
* తగ్గిపోతున్న దింపు కార్మికులు * యంత్రాలు వచ్చినా తప్పని కష్టాలు * జాగ్రత్తలు, బీమాతోనే భరోసా

అంబాజీపేట: కోనసీమ అనగానే కొబ్బరి తోటలే గుర్తుకు వస్తాయి. ఆ తోటల్లోని కాయ నేలకు దిగాలంటే మాత్రం దింపు కార్మికుడు చెట్టెక్కక తప్పదు. 50 అడుగుల ఎత్తున కాళ్ల బంధం, చేతి పట్టు ఆధారంగా సాగే ఈ పనిలో ఒక్క క్షణం ఏమరుపాటు కుటుంబం మొత్తాన్ని రోడ్డున పడేస్తుంది. తండ్రుల నుంచి ఈ విద్య నేర్చుకున్నవారు వయసు మీరి తప్పుకుంటుండగా, యువకులు ఇతర ఉపాధి వైపు మళ్లుతున్నారు. ఫలితంగా కాయ పక్వానికి వచ్చినా దింపేవారు లేక రైతులు, పని ఉన్నా భద్రత లేక కార్మికులు ఇబ్బంది పడుతున్నారు.

పని ఒక్కటి కాదు
దింపు అంటే కాయలు కోయడమేనని చాలామంది భావిస్తారు. వాస్తవానికి చెట్టుకు వైద్యం చేసేది కూడా ఈ కార్మికుడే. పక్వానికి వచ్చిన గెలను గుర్తించి కోయడం, ఎండిన మట్టలు తొలగించడం, మొవ్వు భాగాన్ని శుభ్రం చేయడం అతని బాధ్యతే. కొమ్ము పురుగు సోకితే కొక్కెం ఉన్న ఇనుప చువ్వతో దానిని బయటకు లాగి, మట్టల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి వేస్తారు. మొవ్వు కుళ్లు తెగులు కనిపిస్తే కుళ్లిన భాగాన్ని పూర్తిగా తొలగించి బోర్డో పేస్టు పూస్తారు. ఈ లక్షణాలను నేలపై నుంచి గుర్తించడం కష్టం. చెట్టెక్కినవాడు ముందుగా గమనించి చెబితేనే చెట్టు దక్కుతుంది.

పచ్చి మట్టలను నరకడం సరికాదని ఉద్యాన శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు. ప్రతి మట్ట మొదలులో ఒక పూగెల వస్తుంది. కాయల బరువును మోసేది కూడా ఆ మట్టే. దానిని నరికితే తరువాతి దిగుబడికి గండి పడుతుంది.

పనిముట్లు ఇవీ
సంప్రదాయ దింపు కార్మికుని సామగ్రి కొద్దిపాటిదే. కాళ్లకు వేసుకునే తాడు బంధం, నడుముకు కట్టుకునే కత్తి, దానిని పదును పెట్టే రాయి ఉంటే పని మొదలవుతుంది. పొట్టి చెట్లకు వెదురు గెడకు కత్తి కట్టిన దోటి సరిపోతుంది.

చెట్టెక్కే యంత్రాలు కేరళ నుంచి వ్యాప్తిలోకి వచ్చాయి. కన్నూర్ జిల్లా చెంబేరికి చెందిన రైతు రూపొందించిన పరికరం వీటిలో ప్రసిద్ధి చెందింది. రెండు ఇనుప చట్రాలను ఉక్కు తీగలతో మానుకు బిగిస్తారు. నిలబడి ఒక్కో కాలిని మార్చి మార్చి ఎత్తుతూ పైకి చేరతారు. కొచ్చిలోని కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో ప్రారంభించిన శిక్షణ కార్యక్రమం ద్వారా వీటి వాడకాన్ని నేర్పించింది. మహిళలు సైతం ఈ శిక్షణ పొందారు. అయితే ప్రతి చెట్టు వద్ద యంత్రాన్ని బిగించి, విప్పి, మోసుకెళ్లాలి. చెట్లు దగ్గర దగ్గరగా ఉన్న తోటల్లో అలవాటైన కార్మికుడు ఒట్టి బంధంతోనే వేగంగా పని ముగిస్తాడు. అందుకే అనుభవజ్ఞులు యంత్రంపై పెద్దగా ఆసక్తి చూపడం లేదు. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం అదే సురక్షితం.

ప్రమాదాలు ఎక్కడ?
వర్షం పడిన తరువాత, తెల్లవారుజామున మంచు కురిసినప్పుడు మాను జారుతుంది. ఆరేవరకు ఆగడం తప్పనిసరి. మొవ్వు వద్దకు చేరాక ఎండిన మట్టను పట్టుకోవడం అత్యంత ప్రమాదకరం. మొదలు వదులై చేతితోపాటే ఊడి వస్తుంది. ఎక్కేముందు చెట్టు చుట్టూ తిరిగి కందిరీగల పట్టు, మానుపై తొర్రలు, కుళ్లు ఉన్నాయేమో చూడాలి. ఈదురుగాలి ఉంటే పని వాయిదా వేయాలి.

విద్యుత్ తీగలు మరో గండం. పచ్చి మట్ట తీగపై పడితే విద్యుత్ ప్రవహించి పైనున్న వ్యక్తి ప్రాణాలకే ముప్పు. తీగలకు సమీపంలోని చెట్టు ఎక్కేముందు విద్యుత్ సిబ్బందికి తెలియజేసి సరఫరా నిలిపివేయించాలి. ఇనుప గొట్టాన్ని దోటిగా వాడరాదు. పచ్చి కాయ కిలోకు పైగా బరువు ఉంటుంది. కనుక కింద పిల్లలు, పశువులు లేకుండా ఒకరు కాపలా ఉండాలి.

మొవ్వు వద్ద మానుకు చుట్టి నడుముకు తగిలించుకునే రక్షణ బెల్టు వాడితే పట్టు జారినా కిందపడే ముప్పు చాలావరకు తగ్గుతుంది. ఎవరైనా పడితే లేపి కూర్చోబెట్టరాదు. వెన్నుపూస దెబ్బతిని ఉంటే ఆ కదలికే కాళ్లు చచ్చుబడేలా చేయవచ్చు. కదిలించకుండా 108కు ఫోన్ చేయాలి. తప్పనిసరై తరలించాల్సి వస్తే బల్లపై పడుకోబెట్టి తీసుకెళ్లాలి.

కూలి లెక్క ఎలా?
దింపు కూలికి ఒకే ధర లేదు. కొన్నిచోట్ల చెట్టుకు ఇంతని, మరికొన్ని చోట్ల కాయల లెక్కన చెల్లిస్తారు. నగదుకు బదులు కాయలు ఇచ్చే పద్ధతీ ఉంది. చెట్టుపైనే కాయ కొన్న వ్యాపారి దింపు ఖర్చు తానే భరించి, ఆ మేరకు రైతుకిచ్చే ధర తగ్గిస్తాడు. చెట్టు ఎత్తు, తోటలోని చెట్ల సంఖ్య, మొవ్వు శుభ్రం చేయడం, మందు వేయడం వంటి అదనపు పనులను బట్టి రేటు మారుతుంది. పట్టణాల్లో ఇంటి పెరట్లోని ఒకటి రెండు చెట్ల కోసం రావాలంటే కూలి ఎక్కువ అడుగుతారు. ఇళ్ల మధ్యనున్న చెట్టును ముక్కలుగా కోసి తాళ్లతో దించడం అన్నింటికన్నా ఖరీదైన పని. సహాయకులు కావాలి, ప్రమాదమూ ఎక్కువే.

7.5 మీటర్ల ఎడంతో నాటిన ఎకరం తోటలో సుమారు 70 చెట్లు ఉంటాయి. రెండు నెలలకోసారి దింపు తీస్తే ఏడాదికి 420 సార్లు చెట్టెక్కాలి. వానల్లో పని ఉండదు. కొబ్బరి ధర పడిపోతే రైతు దింపు వాయిదా వేస్తాడు, కార్మికునికి పస్తే. రేటు మాట్లాడుకునేటప్పుడు ఈ ఖాళీ రోజులను, ప్రాణాపాయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది కార్మికుల వాదన.

బీమా మరవొద్దు
కొబ్బరి చెట్లు ఎక్కేవారి కోసం కొబ్బరి అభివృద్ధి బోర్డు ‘కేరా సురక్ష’ పేరిట ప్రమాద బీమా పథకాన్ని అమలు చేస్తోంది. దీనితోపాటు 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 18 నుంచి 70 ఏళ్లలోపు వారు బ్యాంకు ఖాతా ద్వారా చేరవచ్చు. 2022 జూన్ నుంచి ఏడాది ప్రీమియం 20 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, పూర్తి వైకల్యం కలిగినా 2 లక్షల రూపాయలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష రూపాయలు అందుతాయి. ఏటా మే నెలాఖరులో ప్రీమియం సొమ్ము ఖాతాలో లేకుంటే బీమా రద్దయ్యే ప్రమాదం ఉంది. ఈ సంగతి తెలియక నష్టపోయే పరిస్థితి రాకూడదు.

1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసినా రైతులు మళ్లీ మొక్కలు నాటి తోటలను నిలబెట్టుకున్నారు. చెట్టెక్కే మనిషే కరవైతే ఆ తోటలను కాపాడుకోవడం కష్టం. దింపు తీయించే ముందు బెల్టు ఉందా, బీమా కట్టాడా అని రైతు ఒక్క మాట అడిగితే, ఎక్కిన మనిషి క్షేమంగా దిగడానికి అదే తొలి అడుగు అవుతుంది.