కార్టిసాల్ మాట వినని కణాలు

క్యాన్సర్ వచ్చినవారికి వైద్యం కావాలి, నిజమే. పక్కనుండి చూసుకునేవాళ్ళకు కౌన్సెలింగ్ దేనికి, వాళ్ళకేం జబ్బని? కోనసీమలోని పి.గన్నవరం నుంచి వచ్చిన ఈ ప్రశ్నకు జవాబు రక్తకణాల్లో ఉంది. ఒత్తిడి కలిగినప్పుడు మెదడు ఆదేశం మీద అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను వదులుతాయి. అది చేసే పనుల్లో ఇక్కడ మనకు కావలసింది ఒకటే: ఒంట్లో రేగిన వాపును (ఇన్‌ఫ్లమేషన్) అదుపులో పెట్టడం. శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఒత్తిడికి అడ్రినల్ గ్రంథులు పెరిగాయి, రోగనిరోధక వ్యవస్థకు చెందిన థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. దాంతో ఒత్తిడి అంటే కార్టిసాల్ పెరగడం, రోగనిరోధక శక్తి అణగడం అన్న లెక్క దశాబ్దాల పాటు పాతుకుపోయింది. ఆ లెక్క సగమే నిజం. అదే పూర్తి నిజమైతే ఏళ్ళ తరబడి ఒత్తిడిలో ఉన్నవాళ్ళలో వాపు తగ్గిపోవాలి. వాళ్ళలో అది పెరుగుతోంది!

ఈ చిక్కుముడిని విప్పింది రోగులు కాదు, వాళ్ళను చూసుకునేవాళ్ళు. పరిశోధకులు గ్రెగరీ మిల్లర్, షెల్డన్ కోహెన్ బృందం 2002లో 50 మంది తల్లిదండ్రులను పరీక్షించింది. వారిలో సగం మంది పిల్లలు క్యాన్సర్ చికిత్సలో ఉన్నారు. అందరి రక్తకణాలను రెచ్చగొట్టి, కార్టిసాల్ లాగే పనిచేసే డెక్సామెథసోన్ కలిపారు. కీమోలో వాంతులు రాకుండా రోగికి ఇచ్చేదీ ఈ మందే. ఆరోగ్యవంతులైన పిల్లల తల్లిదండ్రుల్లో వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-6 బాగా తగ్గింది. క్యాన్సర్ పిల్లల తల్లిదండ్రుల్లో అంతగా తగ్గలేదు. 2008లో మిల్లరే మెదడు క్యాన్సర్ రోగుల బంధువులను పరీక్షించాడు. వాళ్ళ కార్టిసాల్ మామూలుగానే ఉంది, కానీ దాని మాట విని పనిచేయాల్సిన జన్యువులు మందగించాయి, వాపును రేపే జన్యువులు చెలరేగాయి. కాలువ లాకు దగ్గర చక్రం తిప్పుతూనే ఉన్నా తుప్పుపట్టిన తలుపు దిగనట్టు. లాలాజలంలో కార్టిసాల్ కొలిచి అంతా బాగానే ఉందనుకుంటే పొరబడేది ఇక్కడే.

అన్నదానంతో పేరుపొందిన డొక్కా సీతమ్మగారి పేరు అక్విడక్టుకు పెట్టుకున్న ఊరు పి.గన్నవరం. అయినవాళ్ళకు చేసే సేవ బరువెలా అవుతుందని అక్కడ ఎవరైనా అడగవచ్చు. మిల్లర్ పరీక్షించిన ఆ తల్లిదండ్రులకూ బిడ్డల మీద ప్రేమకు కొదవలేదు. కణాలు ప్రేమను చూసి మినహాయింపు ఇవ్వవు. అంతకంటే గట్టి అభ్యంతరం వైద్య ప్రయోగాలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్షది. 19 ప్రయోగాలు, 3,725 మంది. మానసిక, సామాజిక సాయం వల్ల సంరక్షకులకు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. దీన్ని దాటవేయకూడదు. అయితే రకరకాల పద్ధతులను ఒకే సగటులో కలిపితే, ఏది ఎందుకు పనిచేయాలన్న ప్రశ్న మరుగున పడుతుంది. పరిశోధకులు డికర్సన్, కెమెనీ 2004లో 208 ప్రయోగశాల అధ్యయనాలను క్రోడీకరించారు. కార్టిసాల్‌ను ఎక్కువగా కదిలించేది కష్టం ఒక్కటే కాదు, ఏం చేసినా మన చేతుల్లో లేదన్న స్థితి, దానికి తోడు నలుగురూ మనల్ని తూకం వేస్తున్నారన్న బెదురు అని తేలింది. కాబట్టి ఊరడింపు మాటల కంటే, చేతికి పట్టు దొరికించే శిక్షణ మీదే నాకు నమ్మకం. 2005లో ఓలీ జేన్ సాలర్ బృందం క్యాన్సర్ పిల్లల తల్లులు 430 మందితో చేసిన ప్రయత్నం అలాంటిదే: సమస్యను విడదీయడం, దారులు వెతకడం, తూచడం, ఒకటి చేసి చూడడం, ఫలితం గమనించడం. తల్లుల దిగులు తగ్గింది. వాళ్ళ వాపు జన్యువులు కూడా శాంతించాయా అన్నది ఆ ప్రయోగం కొలవలేదు, కొలిచి తీరాలి.

ఇక ఆచరణ. రాజమండ్రికో విశాఖకో రోగిని తిప్పడానికే రోజులు చాలని కోనసీమ కుటుంబాన్ని కౌన్సెలింగ్ కోసం మళ్ళీ రమ్మనడం అన్యాయం. అమెరికాలో ఎనేబుల్ అనే ప్రయోగం సంరక్షకులకు ఫోన్‌లోనే శిక్షణ ఇచ్చింది. ఆలస్యం చేయకుండా ముందుగానే మొదలుపెట్టినవారిలో కుంగుబాటు తగ్గిందని 2015లో ప్రకటించింది. మనకు 2022 నుంచి మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును కీమో చీటీ మీద అచ్చువేసి, ముందుగా రోగిని చూసుకునేవారి చేతికి ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు.