దున్నని నేలకు కౌలు

దున్నక విడిచిన పొలమునకు సర్కారువారు ఏటేట సొమ్ము చెల్లింతురన్న మన రైతుసోదరులకు వింతగా తోచవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టి యేర్పాటు 1985వ సంవత్సరపు శాసనముచే నెలకొన్నది. దాని మేలును, అందలి చిక్కులును సహకార సభ్యులు తెలిసికొనదగినవి.

కొలరాడో రాష్ట్రపు ఆగ్నేయమూలను బాకా అను కౌంటీ గలదు. కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లా వంటిది. అది వానలు తక్కువగా కురియు మెట్టసీమ. మొదటి ప్రపంచయుద్ధకాలమున గోధుమ ధర పెరుగగా, అచ్చటి రైతులు తరతరాల గడ్డినేలను పెల్లగించి గోధుమ చల్లిరి. 1930 తరువాత వరుసగా అనావృష్టి కలిగెను. పట్టు దప్పిన మన్ను గాలికి లేచిపోయెను. 1935 ఏప్రిల్ 14వ తేదీనాటి ధూళితుపానును నేటికిని ఆ మైదానములవారు "నల్ల ఆదివార"మందురు. ఆ నెల 27వ తేదీననే భూసంరక్షణ శాసనము పుట్టెను. హ్యూ హామండ్ బెన్నెట్ ఆ శాఖకు తొలి యధిపతి యయ్యెను. పాడుపడిన భూములను కొన్నింటిని సర్కారే కొని మరల గడ్డి పెంచెను. అవి నేడు కమాంచీ జాతీయ తృణభూములను పేర నున్నవి.

1985 నాటి పథకమునకు కన్జర్వేషన్ రిజర్వు ప్రోగ్రాం అని పేరు. సులభముగా కోతపడు పొలమును రైతు 10 మొదలు 15 సంవత్సరములవరకు సాగునుండి తొలగించి గడ్డియో చెట్లో పెంచవలెను. అందులకు సర్కారు ఏటేట కౌలువంటి సొమ్మును, గడ్డి నాటు వ్యయములో సగమువరకును ఇచ్చును. ఒకని పొలమున లేచిన ధూళి పదిమంది పొలములపై బడును గనుక, ఈ వ్యయము నందరును భరించుట న్యాయమని దీని భావము.

అయినను మూడు చిక్కులు గలవు. మొదటిది: అంతకుముందు కొన్నేండ్లు దున్నిన భూమికే సాధారణముగా ఈ సొమ్ము లభించును. ఆశకు లోబడక గడ్డిని కాపాడిన రైతునకు ఆ లెక్కన కౌలు దక్కదు. ఇకముందట్టి నేలను దున్నుట మాన్పుటకై, సంరక్షణోపాయములు లేక దానిని కొత్తగా దున్నినవారికి ఇతర వ్యవసాయ సహాయములు నిలుపుదల చేయునట్లు ఆ శాసనముననే విధించిరి.

రెండవది: భూస్వామికి సొమ్ము చేరగా, కౌలుదారునకు సాగు పోవచ్చును. విత్తనములు, ఎరువులు అమ్మువారికిని బేరము తగ్గును. అందుచే కౌలుదారుల హక్కులకు రక్షణనియమములు చేర్చిరి. కౌంటీలోని సాగుభూమిలో నూటికి 25 పాళ్లకు మించి సాధారణముగా ఈ పథకమున చేర్చరాదనియు నియమించిరి.

మూడవది అన్నింటికంటె గట్టిది. సర్కారు కొన్నది గడువే గాని శాశ్వతరక్షణ గాదు. 2007లో దేశమంతట 3 కోట్ల 68 లక్షల ఎకరములు ఈ పథకమున నుండెను. పిదప ధాన్యపు ధరలు పెరుగగా, గడువు తీరిన భూములలో ననేకము మరల నాగలి క్రిందికి వచ్చెను. 2014 శాసనము పథకపు పరిమితిని 2 కోట్ల 40 లక్షల ఎకరములకు తగ్గించెను. పదేండ్లు పెరిగిన గడ్డివేళ్లను పెల్లగించుటకు కొలది దినములే చాలును.

కావున సహాయధనము వచ్చుచుండగనే అది నిలిచిన నాటి మాట తలపవలెను. గడువు తీరులోపల కంచెయు, పశువులకు నీటివసతియు సమకూర్చుకొన్నవానికి ఆ గడ్డియే మేతయై ఆదాయము నిచ్చును. అట్టి యేర్పాటు లేనివానికి మరల దున్నుటకంటె వేరుదారి తోచదు. ఏ సహాయమునకైనను చేవ్రాలు చేయుటకు ముందు గడువెంత, కౌలుదారునకు భాగమెంత, గడువు తీరిన పిదప నేలకేమి దిక్కు అను మూడు ప్రశ్నలను సంఘసభలో నందరును కలిసి విచారించుకొనుట మేలు.