తాళాలు చేతులు మారకముందే

డాలస్ దగ్గర ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చినా, పెద్దవాళ్ల కోసం హైదరాబాద్ వెళ్లిపోవాల్సి వచ్చినా ఇల్లు అమ్మబుద్ధి కాదు. 2020, 2021ల్లో 3 శాతం అటూఇటూ వడ్డీకి దొరికిన లోన్ మళ్లీ దొరుకుతుందా? అందుకే అద్దెకిచ్చేద్దామనుకుంటారు. అద్దె వాయిదాకు సరిపోతుందా, ప్రాపర్టీ మేనేజరు ఎంత తీసుకుంటాడు అని లెక్కలన్నీ వేస్తారు గానీ ఇన్సూరెన్స్ ఊసు మాత్రం రాదు. ప్రీమియం ఎస్క్రోలోంచి దానంతటదే పోతోంది కదా, ఇంటికి రక్షణ ఉన్నట్టే అనుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. బీమా కంపెనీ గోడల్ని, కప్పుని మాత్రమే చూసి పాలసీ రాయదు. ఆ ఇంట్లో ఎవరు కాపురం ఉంటున్నారో చూసి రాస్తుంది. కాపురం మారితే పాలసీ మారాలి, అది కూడా అద్దెకొచ్చేవాళ్లు దిగకముందే మారాలి.

సొంతిళ్ల మీద ఎక్కువగా కనిపించే హెచ్‌ఓ-3 పాలసీలో, బీమా చేసిన ఇల్లంటే మీరు నివసిస్తున్న ఇల్లు అనే షరతు ఉంటుంది. డిక్లరేషన్ పేజీలో చిరునామా ఉన్నంత మాత్రాన చాలదు. ‘ఏళ్ల తరబడి ప్రీమియం తీసుకున్నారుగా, ఇవ్వకుండా ఎలా ఉంటారు?’ అనేవాళ్లున్నారు. న్యాయంగా వినిపించే మాటే, కానీ కోర్టులో నిలుస్తుందన్న భరోసా లేదు. కాలిపోయిన ఇంట్లో యజమాని నివాసం లేడు కాబట్టి క్లెయిమ్ చెల్లదని మిషిగన్ సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 2012లో ఇంకోలా ఆలోచించింది. ఇల్లు కొని, మరమ్మతుల వల్ల దిగలేకపోయిన దంపతుల కేసది. నివసించడమంటే ఏమిటో పాలసీ స్పష్టంగా చెప్పలేదని, విచారణ లేకుండా కంపెనీని గెలిపించలేమని కోర్టు అంది. వాళ్లకైతే అక్కడ కాపురం పెట్టాలన్న ఉద్దేశం ఉంది. లీజు మీద సంతకం చేసి ఇంకొకరికి తాళాలిచ్చినవాళ్లు ఆ వాదనతో నెగ్గుకురావడం కష్టం. మరో సంగతి కూడా ఉంది. పాలసీలో మార్ట్‌గేజ్ క్లాజు అని ఒకటి ఉంటుంది. దాని ప్రకారం కంపెనీ మీకు ఇవ్వనన్నా లెండరుకు చెల్లించాల్సి రావచ్చు. అలా చెల్లించినా మీ అప్పు తీరిపోదు. ఆ మేరకు మీనుంచి వసూలు చేసుకునే హక్కు కంపెనీకి బదిలీ అవుతుంది, అంతే.

అద్దె ఇళ్లకు రాసే పాలసీల్లో డీపీ-1, డీపీ-3 అనేవి తరచుగా వినబడతాయి. డీపీ-1 చవక. అందులో పేరు పెట్టి రాసిన ప్రమాదాలకే పరిహారం, అది కూడా తరుగు తీసేసి ఇస్తారు. పదిహేనేళ్ల రూఫ్ వడగళ్లకు పోతే చేతికొచ్చేది కొత్త రూఫ్ ఖర్చులో ఓ ముక్కే. డీపీ-3లో మినహాయించినవి తప్ప మిగతా ప్రమాదాలన్నీ ఉంటాయి, ఇంటికి తిరిగి కట్టే ఖర్చు లెక్కలో ఇస్తారు. అయినా టెక్సస్‌లో రూఫుకి మాత్రం తరుగు లెక్కే అనే ఎండార్స్‌మెంటును దీనికీ తగిలిస్తుంటారు, చూసుకోవాలి. గాలికి, వడగళ్లకు డిడక్టబుల్ శాతంలో ఉంటుంది. 4 లక్షల డాలర్లకు బీమా చేసిన ఇంటికి 2 శాతమంటే మొదటి 8,000 డాలర్లు మీవే. మెట్ల రెయిలింగ్ ఊడి అద్దెకున్నవాళ్ల పిల్లాడు పడితే వచ్చే దావాకు అవసరమయ్యే లయబిలిటీ కవరేజి డీపీ ఫారంలో మామూలుగా ఉండదు, అడిగి చేర్చుకోవాలి. అద్దె నష్టం కవరేజి కూడా అగ్నిప్రమాదంలాంటి వాటివల్ల ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోయినప్పుడే వర్తిస్తుంది. అద్దె ఎగ్గొట్టిన మనిషికి దాంతో సంబంధం లేదు.

ఖర్చు మాటేమిటంటారా, అద్దె ఇంటి పాలసీ సొంతింటి దానికంటే సుమారు 25 శాతం ఎక్కువని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. కానీ ఈ ప్రీమియాన్ని ట్యాక్స్ రిటర్న్‌లోని షెడ్యూల్ ఈలో అద్దె ఖర్చుగా రాసుకోవచ్చు, సొంతింటి ప్రీమియానికి ఆ వెసులుబాటు లేదు. ‘ఎల్‌ఎల్‌సీ పెట్టేస్తే సరి’ అన్నది పార్టీల్లో వినిపించే సలహా. దావా వస్తే మీ మిగతా ఆస్తులకు అది కొంత అడ్డు పడుతుందేమో గానీ కాలిన ఇంటిని కట్టివ్వదు. పైగా దస్తావేజు ఎల్‌ఎల్‌సీ పేరు మీద, పాలసీ మీ పేరు మీద ఉంటే కొత్త తగాదాకు దారి ఇచ్చినట్టే. ఇక ‘మనవాళ్లే, తెలిసినవాళ్లే దిగుతున్నారు’ అంటారు. మంచితనానికీ పైపు పగలడానికీ సంబంధం ఏముంది? తడిసిపోయిన వాళ్ల సోఫాకి, లాప్‌టాప్‌కి మీ పాలసీ పరిహారం ఇవ్వదు. రెంటర్స్ పాలసీ తీసుకోవాలని లీజులోనే రాస్తే ఆ తెలిసినవాళ్లతో మొహమాటం కూడా మిగలదు.

ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేదాకా ఉన్న రోజుల్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వరుసగా 60 రోజులు దాటి ఖాళీగా ఉన్న ఇంట్లో దుండగులు చేసిన ధ్వంసానికి ఈ పాలసీలు మామూలుగా వర్తించవు. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్‌లో ఎన్ని ఇళ్లలో పైపులు పగిలాయో అక్కడివాళ్లకు గుర్తే. ఖాళీ ఇంట్లో వేడి ఉంచకుండా, నీళ్లు కట్టేయకుండా వదిలేస్తే అలాంటి క్లెయిమ్ తిరస్కరించవచ్చు. వరద అసలు ఇందులో ఉండదు. ఫెడరల్ ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి, అది మామూలుగా 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. ఇప్పటికే ఉంటే అక్కడా మార్పు చెప్పాలి. సొంత కాపురానికి ఏటా 25 డాలర్లున్న సర్‌చార్జీ అద్దెకిచ్చాక 250 అవుతుంది. ఇండియా వెళ్లిపోయేవాళ్లు కంపెనీ రికార్డుల్లో ఉత్తరాల చిరునామా కూడా మార్పించుకోవాలి. లేకపోతే పాలసీ రద్దు చేస్తున్నామన్న నోటీసు అద్దెకున్నవాళ్ల మెయిల్‌బాక్సులోకి వెళ్తుంది. ఆ తర్వాత లెండరు తనకు నచ్చిన పాలసీ కొని ఆ ఖర్చు మీ వాయిదాలో కలుపుతాడు. ఖరీదెక్కువైన ఆ పాలసీ చూసుకునేది ప్రధానంగా లెండరు సొమ్మునే.