భవానీపూర్ పాత ఇళ్లు: గోడ చెమ్మ, పెరటి కొలను వెనుక ఉన్న సైన్స్

దక్షిణ కోల్‌కతాలోని భవానీపూర్‌లో వందేళ్లు దాటిన ఇళ్లు ఇంకా చాలానే నిలిచి ఉన్నాయి. ఎల్గిన్ రోడ్డులో 1909లో కట్టిన నేతాజీ భవన్ వాటిలో అందరికీ తెలిసినది. గృహనిర్బంధంలో ఉన్న సుభాష్ చంద్రబోస్ 1941 జనవరిలో రహస్యంగా బయలుదేరింది ఆ ఇంటి నుంచే. ఇప్పుడది మ్యూజియం. దాని చుట్టుపక్కల వీధుల్లో చరిత్ర పుస్తకాలకెక్కని ఇళ్లు ఎన్నో. ఎర్ర ఆక్సైడ్ గచ్చు, ఆకుపచ్చ రంగు వేసిన చెక్క రెక్కల కిటికీలు, వీధి వైపు అరుగు వాటి గుర్తులు. ఇలాంటి మామూలు ఇళ్లను కూడా వారసత్వంగా చూడాలని రచయిత అమిత్ చౌధురి 2015 ప్రాంతంలో ప్రచారం మొదలుపెట్టారు.

కూల్చివేత ఈ ఇళ్లకు ఒక ముప్పు అయితే, మంచి ఉద్దేశంతో చేసే మరమ్మతు మరో ముప్పు. పాత ఇంటిని బాగుచేసుకోవాలనుకునేవారు సాధారణంగా ముందు గోడల మీద ఉబ్బిన సున్నాన్ని గీకేసి సిమెంటు పూయిస్తారు. పెరడు ఉంటే చల్లదనం కోసం చిన్న కొలను తవ్విద్దామనుకుంటారు. ఈ రెండు పనులకూ సంబంధం లేదనిపిస్తుంది. కానీ రెండింట్లోనూ తేల్చుకోవాల్సింది ఒకే విషయం: నీరు ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది?

గోడ నీటిని ఎలా పీలుస్తుంది?

వందేళ్ల కిందటి ఇళ్లలో చాలావాటికి పునాదికీ గోడకూ మధ్య చెమ్మను ఆపే పొర ఉండదు. ఇటుకలోనూ సున్నంలోనూ కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. దీపం ఒత్తి నూనెను పైకి లాగినట్టే అవి నేలలోని తడిని పైకి లాగుతాయి. దీన్నే కేశనాళికా చర్య అంటారు. రంధ్రం ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న గొట్టంలో నీరు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లే లేస్తుంది. వ్యాసార్ధం అందులో నూరో వంతుకు తగ్గితే ఎత్తు నూరు రెట్లు పెరుగుతుంది. అంటే దాదాపు ఒకటిన్నర మీటర్లు, మనిషి ఛాతీ ఎత్తు.

నిజమైన గోడలో నీరు ఆ ఎత్తు దాకా వెళ్లాలనేమీ లేదు. కింది నుంచి నీరు ఎక్కుతుంటే, గోడ పైపొర నుంచి గాలిలోకి ఆవిరవుతూ ఉంటుంది. రాకా పోకా సమానమైన చోట చెమ్మ ఆగిపోతుంది. పాత గోడ వందేళ్లు నిలబడిందంటే ఈ సమతూకం వల్లనే.

దాని మీద సిమెంటు పూస్తే పోకకు దారి మూసుకుపోతుంది. రాక మాత్రం ఆగదు. చెమ్మ కొత్త పూతను దాటి ఆవిరయ్యే చోటు దొరికేవరకు పైకి ఎక్కుతుంది. కొన్నాళ్లకు పూత పైఅంచు దగ్గర కొత్త మరక కనిపిస్తుంది. పూత ఇంకా పైకి వేస్తే మరక కూడా ఇంకా పైకి వెళుతుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు, నీరు చొరని పెయింట్లు చేసేదీ అదే.

అసలు నష్టం ఉప్పుతో

నేల నుంచి వచ్చే నీటిలో కరిగిన లవణాలు ఉంటాయి. నీరు ఆవిరైపోయి లవణం గోడలో మిగులుతుంది. బెంగాలీలు దీన్ని ‘నోనా’ పట్టిందంటారు. నోనా అంటే ఉప్పు. గోడ మీద తెల్లటి నూగులా కనిపించేది ఇదే.

పైకి వచ్చిన ఉప్పును చీపురుతో ఊడ్చేయవచ్చు. పూత వెనుక చిక్కిన ఉప్పుతోనే ప్రమాదం. సోడియం సల్ఫేట్‌నే తీసుకుంటే, పొడిగా ఉన్న స్ఫటికం తడి తగిలినప్పుడు ఒక్కో అణువుకు పది నీటి అణువులను చేర్చుకుని మూడు రెట్లకు పైగా ఉబ్బుతుంది. వాన, ఎండ మారినప్పుడల్లా ఈ ఉబ్బడం, ఎండడం జరుగుతూనే ఉంటాయి. ఆ ఒత్తిడికి ఇటుక ముఖం పొరలుగా రాలిపోతుంది. సిమెంటు పూత గట్టిగా ఉండి, దాని వెనుక ఇటుక పొడి అయిపోయిన గోడలు తయారయ్యేది ఇలాగే.

డంగు సున్నం చేసే పని

ఈ ఇళ్లను కట్టింది సున్నం, సుర్కీలతో. సుర్కీ అంటే కాల్చిన ఇటుకల పొడి. తెలుగు నాట డంగు సున్నం, గానుగ సున్నం అని పిలిచే గచ్చుకు ఇది దగ్గరి చుట్టం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. నీళ్లు పోసి చల్లార్చిన ఆ సున్నం, గోడకెక్కాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ తీసుకుని నెమ్మదిగా రాయిగా మారుతుంది. సుర్కీ కలిస్తే మరో చర్య కూడా జరుగుతుంది. ఇటుక పొడిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి తడిలోనూ గట్టిపడే పదార్థాలను ఏర్పరుస్తాయి.

ఇలా తయారైన పూత సిమెంటు కంటే మెత్తన. నీటి ఆవిరిని బయటికి పోనిస్తుంది. కోల్‌కతా మెత్తటి నేల మీద ఇల్లు కాస్త సర్దుకుంటే పెద్ద పగులు ఇవ్వకుండా సన్నని నెరియలతో సరిపెట్టుకుంటుంది. ఆ నెరియల్లోకి దిగిన నీరు కొద్దిగా సున్నాన్ని కరిగించి, ఆరిపోయేటప్పుడు దాన్ని అక్కడే వదిలి వాటిని పూడుస్తుంది కూడా. ఉప్పు దెబ్బ తగిలినా ముందుగా రాలేది పూతే. పూతను మళ్లీ వేసుకోవచ్చు, గోడను మళ్లీ కట్టలేం.

మిద్దె విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. దూలాలు, వాటి మీద వాసాలు, ఆపైన పలకలు, సున్నపు కాంక్రీటు పరిచే ఈ కట్టుబడిని బెంగాల్‌లో ‘కొరి-బొర్గా’ అంటారు. మన మద్రాసు టెర్రస్‌కు ఇది దగ్గరగా ఉంటుంది. పైకప్పు కారుతుంటే దూలం చివర గోడలో దిగిన చోట ముందు పుచ్చుతుంది, లేదా చెదలు పడుతుంది. ఇనుప దూలమైతే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి గోడనే చీలుస్తుంది.

కొలను ఇంటిని చల్లబరుస్తుందా?

పాత ఇంటి చల్లదనంలో మొదటి వాటా మందపాటి గోడలది. పగలు, రాత్రి మారే వేడి ఇటుక గోడలో ప్రయాణిస్తూ ప్రతి 12 సెంటీమీటర్లకు దాదాపు మూడో వంతుకు తగ్గిపోతుంది. అరమీటరు మందం ఉన్న గోడ లోపలి వైపుకు చేరేసరికి బయటి హెచ్చుతగ్గుల్లో ఒకటి రెండు శాతమే మిగులుతుంది. రెండో వాటా ఎత్తైన గదులు, రెక్కల కిటికీలు, కప్పు కింద ఉండే గాలి రంధ్రాలది. ఏసీ బిగించేందుకు వాటిని మూసేస్తే గోడ ఆరడానికి కావలసిన గాలి కూడా ఆగిపోతుంది.

ఇక కొలను. నీరు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని తీసుకుంటుందన్నది నిజం. కానీ ఎంత చల్లబరచగలదన్నది గాలిలోని తేమను బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్నప్పుడు తడిపిన గుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 23 డిగ్రీలు చూపిస్తుంది. ఆవిరి ద్వారా చేరగల హద్దు అదే. కోల్‌కతాలో 35 డిగ్రీలు, 65 శాతం తేమ ఉంటే ఆ హద్దు 29 డిగ్రీలు. హైదరాబాద్‌లో 17 డిగ్రీల అవకాశం ఉంటే ఇక్కడ ఆరే. చల్లదనం కోసమే తవ్వే కొలను భవానీపూర్‌లో నిరాశే మిగులుస్తుంది. వాన నీటిని కాసేపు పట్టి ఉంచేందుకు మాత్రం అది బాగా పనికొస్తుంది.

కుంటల ఊరు

బెంగాల్ డెల్టాలో ఇల్లు కట్టేటప్పుడు కుంట తవ్వడం పాత అలవాటు. తవ్విన మట్టితో ఇంటి నేలను ఎత్తు చేసేవారు, తవ్విన గుంటలో వాన నీరు నిలిచేది. భవానీపూర్‌లోని పద్మపుకూర్ పేరులో ఆ అలవాటు ఇంకా మిగిలి ఉంది. ‘పుకూర్’ అంటే కుంట, పద్మపుకూర్ అంటే తామర కుంట. పశ్చిమ బెంగాల్ లోతట్టు మత్స్య చట్టం (1984) ప్రకారం 0.035 హెక్టారు, అంటే దాదాపు ఐదు కఠాలు, అంతకంటే పెద్ద నీటి వనరులను పూడ్చడం నిషిద్ధం. పెరట్లో పాత కుంట ఉంటే కొత్తది తవ్వే ముందు దాన్నే బాగుచేయడం అన్ని విధాలా మేలు.

కుంట తవ్వితే భూగర్భజలం పెరుగుతుందన్న ఆశ కూడా ఇక్కడ పెద్దగా నెరవేరదు. నగరం కింద చాలాచోట్ల మందమైన బంకమట్టి పొర ఉంది. బోర్లు నీళ్లు తోడే ఇసుక పొర దాని కింద ఉంటుంది. పైన నిలిచిన నీరు బంకమట్టిని దాటి దిగడం చాలా నెమ్మది. ఆ నీరు పైపొరలోనే పక్కలకు పాకుతుంది. పక్కన ఉన్నది పాత ఇంటి పునాది అయితే చెమ్మ పెరుగుతుంది.

ఎంత దూరం, ఎంత లోతు?

పునాది తన బరువును నిటారుగా కిందికి మాత్రమే పంపదు, పక్కలకూ పరుస్తుంది. ఆ పక్క మట్టిని తవ్వేస్తే ఆనిక పోతుంది. పక్కపక్కన వేర్వేరు లోతుల్లో పునాదులు వేసేటప్పుడు ఇంజినీర్లు పాటించే సూత్రం ఒకటుంది: లోతు తేడాకు కనీసం రెండింతల దూరం. పునాది అడుగు ఒక మీటరు లోతున, కొలను అడుగు రెండు మీటర్ల లోతున ఉంటే, పునాది అంచుకూ కొలను అడుగు అంచుకూ మధ్య కనీసం రెండు మీటర్లు ఉండాలి. పాత ఇటుక పునాదులు కింద మెట్లు మెట్లుగా వెడల్పవుతాయి కాబట్టి, ఈ దూరాన్ని గోడ నుంచి కొలవకూడదు. మెత్తటి నేలలో ఇది కనీస హద్దు మాత్రమే. మట్టి పరీక్ష చేయించి, ఇంజినీరు చెప్పాకే గుద్దలి పట్టాలి.

అడుగు నీటిని కదిలిస్తే పాత ఇళ్లకు ఏమవుతుందో నగరం ఒకసారి చూసింది. 2019 ఆగస్టు చివర్లో బౌబజార్ వద్ద మెట్రో సొరంగం తవ్వుతున్న యంత్రం నీటి పొరను తాకింది. నీటితో పాటు మట్టీ సొరంగంలోకి జారి నేల కుంగింది. పైన ఉన్న పాత ఇళ్లు కొన్ని బీటలు వారాయి, కొన్ని కూలిపోయాయి. పెరటి కొలను అంత పెద్ద పని కాదు. అయినా సూత్రం మారదు. శుభ్రం చేయడానికి పంపుతో నీటినంతా ఒక్క రోజులో తోడేస్తే గట్లకు ఆసరాగా ఉన్న నీటి బరువు పోతుంది, గట్టు మట్టిలోని నీరు మాత్రం లోపలే ఉండిపోతుంది. ఆ ఒత్తిడికి గట్టు జారుతుంది.

కాంక్రీటు తొట్టిలా కట్టినా వానాకాలంలో ఖాళీ చేయకూడదు. తొట్టి అడుగు కంటే ఒక మీటరు ఎత్తున నేలలో నీరు ఉంటే, అది ప్రతి చదరపు మీటరును ఒక టన్ను బలంతో పైకి నెడుతుంది. 15 సెంటీమీటర్ల కాంక్రీటు పలక బరువు చదరపు మీటరుకు 360 కిలోలే. ఖాళీ తొట్టి పడవలా పైకి లేవగలదు.

వాన లెక్క

150 చదరపు మీటర్ల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 7,500 లీటర్లు. ఆ నీరంతా 30 చదరపు మీటర్ల కొలనులోకి మళ్లిస్తే మట్టం 25 సెంటీమీటర్లు పెరుగుతుంది. కొలనులో నేరుగా పడేది ఇంకో ఐదు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ 2025 సెప్టెంబర్ 22, 23 తేదీల మధ్య కోల్‌కతాలో ఒక్క రోజులో 250 మిల్లీమీటర్లు దాటి కురిసింది. అలాంటి రోజు ఇదే కొలను ఒకటిన్నర మీటర్లు పెరగాలి. అంత ఖాళీ ఏ పెరటి కొలనులోనూ ఉండదు. అందుకే నిండాక నీరు బయటికి పోయే తూము ముందే ఉండాలి. ఆ తూము ఇంటి గడప కంటే, పునాది చుట్టూ ఉన్న నేల కంటే తక్కువ ఎత్తులో ఉండాలి. అది ఇంటి నుంచి దూరంగా మురుగు కాలువ వైపు తెరుచుకోవాలి.

దోమల సంగతి

సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్, ఆ మరుసటి ఏడాది కోల్‌కతాలో పని కొనసాగించారు. పక్షుల మలేరియా దోమకాటు ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి చేరుతుందని అక్కడే నిరూపించారు. ఆయన ప్రయోగశాల భవానీపూర్‌కు ఆనుకుని ఉన్న ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రి ఆవరణలో ఉండేది. నేటి ఎస్ఎస్‌కేఎం ఆసుపత్రి అదే. ఆ ఆవరణ పక్కనే కొలను తవ్వేవారికి దోమల సంగతి గుర్తు చేయనక్కర్లేదు.

అయితే కొలను ఒక్కటే అనుమానితం కాదు. నగర మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ స్టెఫెన్సీ నీళ్ల ట్యాంకుల్లో, బావుల్లో, నిర్మాణ స్థలాల్లో నిలిచిన నీటిలో గుడ్లు పెడుతుంది. డెంగీ దోమ ఈడిస్ ఈజిప్టైకి డ్రమ్ములు, కుండీలు, డబ్బాలు చాలు. వెచ్చటి రోజుల్లో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులే పడుతుంది. అంటే మరమ్మతు సాగే నెలల్లో క్యూరింగ్ నీళ్లు, పోగేసిన పెంకులే ఎక్కువ ప్రమాదం. వారానికోసారి వాటిని పూర్తిగా ఖాళీ చేయాలి.

కొలనులో చేపలుంటే లార్వాలు బతకడం కష్టం. చాలామంది గంబూసియాను వదులుతారు. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన చేప. స్థానిక చేపలనూ కప్పల పిల్లలనూ దెబ్బతీస్తుంది. వరదకు తూము దాటి బయటి నీటిలోకి చేరితే వెనక్కి తేలేం. బెంగాల్ కుంటల్లో సహజంగా ఉండే, తల మీద తెల్లటి చుక్క మెరిసే చిన్న చేప ఆప్లోకైలస్ పాంచాక్స్ నీటి ఉపరితలంలోనే తిరుగుతూ లార్వాలను తింటుంది. గట్టు అంచున గడ్డి, నీటి మీద గుర్రపు డెక్క దట్టంగా పెరగనిస్తే మాత్రం ఏ చేపా అక్కడికి చేరలేదు.

ఏది ముందు, ఏది వెనక

ఈ వివరాలన్నీ కలిపితే పనుల వరస తేలుతుంది. మొదట పైకప్పు, వాన గొట్టాల కారుడు ఆపాలి. తర్వాత ఇంటి చుట్టూ నేల వాలును బయటికి సరిచేయాలి. ఆపైన సిమెంటు పూత, ప్లాస్టిక్ రంగు తీసేసి గోడను ఆరనివ్వాలి. తడిసిన గోడ నెలకు ఒక అంగుళం చొప్పున ఆరుతుందన్నది ఒక మోటు లెక్క. అరమీటరు గోడ రెండు వైపుల నుంచీ ఆరినా దాదాపు పది నెలలు పడుతుంది. అంటే కనీసం ఒక వానాకాలం ఆగాల్సిందే. ఆ తర్వాతే సున్నం పూత, సున్నపు వెల్ల.

కొలను చివరి పని. ఆగిన ఆ వానాకాలంలో పెరట్లో ఒక చిన్న గుంట తీసి, నేలలో నీటి మట్టం ఎంత ఎత్తుకు వస్తుందో వారం వారం కొలిచి రాసుకోవచ్చు. కొలను ఎంత లోతుండాలో, ఇంటికి ఎంత దూరంలో ఉండాలో, అసలు తవ్వాలో వద్దో తేల్చడానికి ఇంజినీరుకు కావలసిన మొదటి అంకెలు అవే. ఆ పనికి ఒక కొలబద్ద, ఒక నోటు పుస్తకం చాలు. గుంటలో నిలిచిన నీటిపై దోమతెర కప్పడం మాత్రం మరవకూడదు.