చిన్న రైలింజను, అసలైన ఆవిరి

నిజంగా నీటిని మరిగించి, ఆ ఆవిరితోనే చక్రాలు తిప్పుకునే నమూనా రైలింజను మధ్యలో మొరాయిస్తే తయారీలో లోపం ఉందనుకోవడం సహజమే అయినా, చాలా సందర్భాలలో అసలు కారణం పరిమాణానికీ వేడికీ ఉన్న సంబంధంలో ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తులను పన్నెండో వంతుకు కుదిస్తే ఉపరితలం 144వ వంతుకు, ఘనపరిమాణం 1,728వ వంతుకు తగ్గుతాయి. అంటే లోపల ఉన్న ఆవిరితో పోల్చి చూస్తే, వేడిని బయటికి పోగొట్టే గోడ 12 రెట్లు పెరుగుతుంది. అందువల్ల చిన్న ఇంజను పెద్దదానికన్నా ఎంతో త్వరగా చల్లబడుతుంది, దాని లోపాలను వెదికేవారు నిప్పు దగ్గర మొదలుపెట్టి ఆవిరి నడిచే దారి వెంటే వెళ్లవలసి వస్తుంది.

ఈ సమస్య నమూనా ఇంజనుతో పాటే పుట్టింది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో అమ్ముడైన ఇత్తడి ఇంజనులు స్పిరిట్ దీపంతో నడుస్తూ, వెళ్లిన దారి పొడవునా నీటి చుక్కలు రాల్చేవి కనుక వాటికి ‘బర్మింగ్‌హామ్ డ్రిబ్లర్లు’ అనే పేరు పడింది. వాటిలో సిలిండరే ఒక ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతూ, తన రంధ్రాన్ని ఎదుటి పలకలోని ఆవిరి రంధ్రాలతో కలుపుతుంది. ఆ రెండు తలాలనూ ఒక స్ప్రింగు మాత్రమే నొక్కి ఉంచుతుంది కనుక కాస్త సందు దొరికినా ఆవిరి కారిపోతుంది. 1898లో పెర్సివల్ మార్షల్ ‘మోడల్ ఇంజనీర్’ పత్రికను స్థాపించిన తరువాత ఇటువంటి విషయాలు బహిరంగ చర్చకు వచ్చాయి. ఎల్‌బీఎస్‌సీ అనే కలంపేరుతో రాసిన రచయిత, పెద్ద ఇంజనులో లాగే నీరు చుట్టుముట్టిన పొయ్యి, నీటి గుండా సాగే పొగగొట్టాలు ఉన్న బొగ్గు బాయిలరు చిన్న ఇంజనుకూ పనికివస్తుందని గట్టిగా వాదించి, రెండున్నర అంగుళాల పట్టాల మీద నడిచే తన ‘అయేషా’తో 1924లో ఆ వాదాన్ని నిలబెట్టుకున్నాడు.

బొగ్గు ఇంజనులో మొదట పరీక్షించవలసింది గాలి లాగుడు. సిలిండరులో పని ముగించుకున్న ఆవిరి బ్లాస్ట్ పైపు అనే సన్నని మూతి గుండా పొగగొట్టంలోకి దూసుకుపోతూ, తనతో పాటు పొగను లాక్కుపోయి, ఆ ఖాళీలోకి పొయ్యి నుంచి గాలిని రప్పిస్తుంది. ముందు భాగంలోని పొగపెట్టె తలుపు సరిగా మూసుకోకపోతే బయటి గాలి అక్కడే చొరబడి నిప్పు మందగిస్తుంది. నిప్పు తగ్గితే ఆవిరి, ఆవిరి తగ్గితే లాగుడు, లాగుడు తగ్గితే మళ్లీ నిప్పు తగ్గుతూ ఇంజను క్రమంగా నీరసపడుతుంది. గ్యాసుతో నడిచే నమూనాలలో ఇదే లక్షణం కనిపిస్తే, బర్నరుకు గ్యాసు అందించే సన్నని జెట్‌లో నలుసు ఇరుక్కుని ఉండవచ్చు, లేదా ఆవిరవుతున్న బ్యూటేను తన డబ్బాను తానే చల్లబరచి పీడనాన్ని తగ్గించుకుని ఉండవచ్చు.

పీడన సూచి నిండుగా చూపిస్తున్నా చక్రాలు కదలకపోతే, చల్లటి సిలిండరు గోడలకు తగిలిన ఆవిరి నీరుగా మారి పిస్టను ముందు నిలిచి ఉంటుంది. నీరు నొక్కితే నలగదు కనుక, ఆ స్థితిలో ఇంజనును బలవంతంగా నెడితే రాడ్లు వంగిపోవచ్చు. సిలిండరు అడుగున నీరు వదిలే కుళాయిలు ఉంటే తెరిచి, ఇంజనును నెమ్మదిగా ముందుకూ వెనక్కూ కదుపుతూ సిలిండర్లు వేడెక్కే వరకు ఆగడమే సరైన చికిత్స.

వేడెక్కిన తరువాత కూడా ఇంజను బిగుసుకుపోతూ ఉంటే నూనె పెట్టెను తెరిచి చూడాలి. అందులోకి చేరిన కొద్దిపాటి ఆవిరి చల్లబడి నీరై, నూనెకన్నా బరువు కనుక అడుగుకు దిగి, నూనెను పైకి నెట్టి ఆవిరి గొట్టంలోకి పంపుతుంది; ఆట ముగిశాక పెట్టెలో నూనె ఇంకా నిండుగానే ఉంటే దారి మూసుకుపోయిందనీ, అడుగంతా నీరే ఉంటే నూనె అందిందనీ అర్థం. మామూలు యంత్రపు నూనె ఆ వేడికి పలుచబడి, తడిలో కొట్టుకుపోతుంది కాబట్టి ఆవిరి సిలిండర్ల కోసమే తయారైన చిక్కటి నూనె వాడాలి.

మిగిలిన లోపాలను చెవి పట్టిస్తుంది. రెండు సిలిండర్ల ఇంజనులో ఆవిరి ప్రతి పిస్టనునూ రెండు వైపుల నుంచీ నెడితే, చక్రం ఒక్కసారి తిరిగేలోగా పొగగొట్టం నుంచి సమాన విరామాలతో నాలుగు ‘ఛుక్’లు వినిపించాలి; ఆ లయ కుంటుతుంటే ఆవిరిని వేళకు వదలవలసిన వాల్వు స్థానం తప్పిందనీ, ఎడతెగని బుసే వినిపిస్తుంటే పిస్టను లేదా వాల్వు పక్క నుంచి ఆవిరి జారిపోతోందనీ భావించాలి. ప్రతి చుట్టులోనూ ఒకే చోట చక్రం పట్టేస్తుంటే, ఆవిరి జోలికి పోకుండా చక్రాలను జతపరిచే రాడ్లను విప్పి, ఒక్కో ఇరుసును విడిగా తిప్పి చూడాలి.

ఈ పరీక్షలన్నిటిలోనూ ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఇంజను నడిచినా కారణం తేలదు. ఏది మార్చినా సేఫ్టీ వాల్వును మాత్రం బిగించకూడదు, ఎందుకంటే శక్తి చాలని ఇంజనుకు పీడనం పెంచడం లోపాన్ని సరిచేయదు, బాయిలరు పేలే ప్రమాదాన్ని తెస్తుంది. ఈ క్రమశిక్షణతో కారణాన్ని పట్టుకున్నవారికి ఆ చిన్న ఇంజను బాగుపడటంతో పాటు, ఉష్ణశాస్త్ర సూత్రాలు చేతికి అందుతాయి.